పూజలో కానుకల వేళ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందు క్రైస్తవారాధన యనగానే పెక్కుమందికి స్ఫురించునది ఎం.బి. చర్చి, ఏలయన నీ మూడు పట్టణములును ఇరువదవ శతాబ్ది పూర్వార్ధముననే మెన్నొనైట్ బ్రెదరెన్ మిషనుకు కేంద్రములై, వాక్యపఠనము, ప్రసంగము, పాట, ప్రార్థన అను నిరాడంబర పద్ధతిని జనులకు అలవాటు చేసినవి. 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనమునకు చెందిన ఇచ్చటి కతోలికులు పూజలో లేచుటయు, మోకరిల్లుటయు, గురువు ధరించు వస్త్రముల రంగు కాలమునుబట్టి మారుటయు, సాంబ్రాణి ధూపమును చూచి, ఇంత తతంగ మెందులకని పొరుగువారడుగుట సహజము. వింత యేమనగా, పుట్టు కతోలికులలోను అనేకులు పెద్దల నాటి ఆచారమనియే బదులు చెప్పి ఊరకుందురు.

కొవ్వొత్తి వెలుగునకు, ధూపము ప్రార్థనకు, విభూది పశ్చాత్తాపమునకు గుర్తులని జ్ఞానోపదేశమున నేర్పుదురు. అది అసత్యము కాదు; కాని పద్యమునకు ప్రతిపదార్థము చెప్పి తాత్పర్యము విడిచినట్లుండును. తాత్పర్యము వరుసలో నున్నది. సుమారు 155 నాటికే రోమునందు పునీత జస్టిను, చక్రవర్తియైన అంటోనినస్ పయసునకు క్రైస్తవుల సమావేశమును వర్ణించుచు, గ్రంథపఠనము, ఉపదేశము, అందరు లేచి చేయు ప్రార్థన, రొట్టెయు నీరు కలిపిన ద్రాక్షారసమును తెచ్చుట, కృతజ్ఞతాస్తుతి, ప్రజల ఆమెన్, పంచుకొనుట, రానివారికి పంపుట, అనాథలకు, విధవలకు, ఖైదీలకు ద్రవ్యము కూర్చుట అను క్రమమును తెలిపినాడు. నేటి పూజకును అస్థిపంజరమదియే. ఇందు పూర్వభాగమైన వినుట ఎం.బి. సోదరులకును పరిచితమే, కతోలికుని విశేషము కానుకల అర్పణముతో నారంభమగును.

కాని దురదృష్టవశమున సభ మిక్కిలి అలక్ష్యముతో గడపునది ఆ ఘట్టమే. పాట సాగుచుండును, చందా సంచి తిరుగుచుండును, జేబులు వెదకుకొందురు. పీఠముపై నుంచునది గోధుమలు కావు, రొట్టె; ద్రాక్షపండ్లు కావు, రసము. అనగా దేవుడిచ్చిన పంటతో పాటు దున్నినవాని, విసరినవాని, కాల్చినవాని చెమటయు అర్పణలో చేరుచున్నది. కృష్ణా తుంగభద్రలు ప్రక్కనే పారుచున్నను చేలు ఎండి, దూరదేశములందు ఆనకట్టలు కట్టి, కాలువలు త్రవ్వి పాలమూరు లేబరని పేరుపడిన జనులకు ఇంతకన్న దగ్గరి అర్థము వేరొండు కలదా? అంతట గురువు రసములో నీటిచుక్క కలుపును. మూడవ శతాబ్దిలో కార్తేజి పీఠాధిపతి పునీత సిప్రియను, ఆ నీరు ప్రజలనియు, రసము క్రీస్తు రక్తమనియు, కలిసిన పిదప వేరుచేయ శక్యము కాదనియు వివరించెను. ఆ వేళ గురువు చెప్పు మాటలు సాధారణముగా మెల్లగానే యుండును గనుక సభకు వినబడవు.

విశ్వాసులు తెలిసి పాల్గొనవలెనని రెండవ వాటికన్ మహాసభ 1963లో శాసించినది. అంతకుముందు లాటిను పూజ సాగుచుండగా జనులు జపమాల త్రిప్పుకొనుటయు కలదు. 1969లో భారతదేశమునకు అంజలి, పంచాంగ ప్రణామము, ఆరతి మున్నగు పండ్రెండు అనుసరణలకు అనుమతి లభించినది. వీనిని హైందవమని కొందరు జంకుదురు. నాకు జంకు లేదు, కాని అర్థమెరుగని ఆరతియు తతంగమే.

ఈ మూడు జిల్లాల గురువులకు, ఉపదేశులకు నా విన్నప మొక్కటి: ఒక ఆదివారము కానుకలకు ముందు ఆ నీటిచుక్క సంగతి రెండు మాటలలో చెప్పుడు, వలస నుండి తిరిగివచ్చిన కుటుంబముచేత రొట్టెయు రసమును పీఠమునకు తెప్పింపుడు.