గోచరి తెరచిన దారి

జైన మునికి వాహనము లేదు, వంటపాత్ర లేదు, చేతిలో కాసు లేదు. కాలినడకయే ప్రయాణము, ఇంటింట కొద్దికొద్దిగా స్వీకరించు భిక్షయే ఆహారము. ఈ భిక్షకు గోచరి యని పేరు. ఆవు పచ్చికను వేరుతో పెరుకక పైపైన మేయునట్లు, గృహస్థునకు భారము గాకుండ గైకొనుట. ముని కొరకని ప్రత్యేకముగ వండినది పనికిరాదు. పచ్చినీరు పనికిరాదు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఏదియు పనికిరాదు. కనుక ఈ నియమము లెరుగని యూరిలో ముని నిలువజాలడు. ముని నిలువని యూరికి అర్హంతుని మాట చేరుట యెట్లు?

ఈ చిక్కును విప్పినవాడు సంప్రతి మహారాజు. అశోకుని మనుమడు, కుణాలుని కుమారుడు. హేమచంద్రాచార్యులు 12వ శతాబ్దమున రచించిన పరిశిష్ట పర్వమున ఆయన కథ కలదు. పూర్వజన్మమున ఆయన కరవుకాలపు బిచ్చగాడట. ఆర్య సుహస్తి శిష్యులకు జనులు ఆదరముతో భిక్ష యిడుట చూచి, తనకును పెట్టుడని వెంటబడెను. దీక్ష గొన్నవారికే అది చెల్లునని తెలిసి, ఆకలికొరకే దీక్ష గొనెను. ఆనాడే అమితముగ భుజించి మరణించెను. ధర్మముపై ప్రీతితో కాదు, అన్నముపై ప్రీతితో వచ్చినవాడు! అయినను గురువు తలుపు మూయలేదు. ఆ యొక్క దినపు వ్రతము వ్యర్థము గాలేదు. మరుజన్మమున రాజై, ఉజ్జయినిలో జినరథోత్సవము వీథిలో సాగుచుండ సుహస్తిని చూచి పూర్వస్మృతి పొందెను.

తరువాత ఆయన చేసిన పని వర్తకులకు బాగుగ బోధపడును. ఆంధ్ర ద్రవిడ దేశములకు మొదట మునులను పంపలేదు. తన మనుష్యులను మునివేషముతో పంపెను. ఎట్టి అన్నము, ఎట్టి నీరు, ఎట్టి బస ఈయదగునో వారు జనులకు నేర్పిరి. అలవాటైన పిమ్మటనే నిజమైన సాధువులు బయలుదేరిరి. వేషధారులను పంపుట తగునా యని కొందరడుగుదురు. తగునని గట్టిగా చెప్పుట కష్టమే. కాని వారు తత్త్వము బోధింపలేదు. వంటయింటి శుచిని మాత్రమే నేర్పిరి.

జైనులు సృష్టికర్తను అంగీకరింపరు. వారికి దైవజ్ఞానమనగా కర్మలను జయించిన జినుని గుణముల నెరుగుట. ఆ యెరుక తెలుగునేల పాతుకొన్న జాడ కరీంనగరము దగ్గరి కురిక్యాల బొమ్మలగుట్టపై నేటికిని కలదు. 10వ శతాబ్దమున పంపకవి తమ్ముడు జినవల్లభుడు అచ్చట జినబింబములను చెక్కించి, సంస్కృత కన్నడములతోపాటు తెలుగున కందపద్యములు వ్రాయించెను. పూజకై కొండ చెక్కినవారు భాషకు పద్యమిచ్చి పోయిరి.

నేడు రాజభటులు లేరు. చాతుర్మాస్యము తప్ప తక్కిన యెనిమిది నెలలు సాధువులు నడచుచునే యుందురు. పెద్ద పట్టణములలో సంఘములు కలవు, చింతలేదు. నడుమ మజిలీలలోనే కష్టము. అచ్చట ఒకటి రెండు జైనగృహములు. పిల్లలు ఉద్యోగములకై తరలిపోవుదురు. అంగడి రాత్రి తొమ్మిదింటికి కట్టినగాని భోజనము లేదు. నీరు కాచి చల్లార్చు ఆచారము ముసలమ్మతోనే పోవును. ఆ యిల్లు మానిన నాడు ఆ దారి మూతబడును.

ఆచారము నిలిచినచోట వేరొకటి జరుగును. ప్రొద్దుండగనే వంట ముగించి, కాచిన నీరు పెట్టి వాకిట నిలుచున్న యింటిని చూచి పొరుగింటి ఇల్లాలు, నీళ్లెందుకు కాచుచున్నారని అడుగును. కంటికి కానరాని జీవుల మాట చెప్పవలసివచ్చును. అది చెప్పినవాడెవరని ఆమె మరల అడుగును.