సెల్

2021 ఎండాకాలం. డ్యూటీ దిగి ఇంటికి రాగానే మా అమ్మ కొంగుముడి విప్పి తన బటన్ ఫోన్ నా చేతిలో పెట్టింది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది.

"సెల్లు కరాబైంది బిడ్డా. నువ్వు జేసేది సెల్లుల పనే గద, జర సూడు."

అరుగు మీద పక్కింటివాళ్లున్నారు. "నేనేమన్న సెల్లులు బాగుజేసేటోన్నా? ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అని వాళ్ల ముందే కసిరాను. అమ్మ ఏమీ అనలేదు. ఫోన్ తీసుకుని మళ్లీ కొంగున ముడేసుకుంది.

ఎన్నిసార్లు చెప్పానా అని తర్వాత లెక్కేసుకున్నాను. ఒక్కసారీ చెప్పలేదు. తుర్కపల్లిలో టీకాల కంపెనీలో నౌకరీ దొరికిన రోజు "సెల్ కల్చర్‌ల పని" అని రెండు ముక్కలు పడేసి అన్నానికి కూర్చున్నాను. ఆమె తనకు తెలిసిన సెల్లుతో దానికి అర్థం చెప్పుకుంది.

ఆమెకు తెలిసిన మొదటి సెల్లు టార్చిలైటుది. కరెంటు రాత్రిపూటే వచ్చే రోజుల్లో నాయిన మోటరు పెట్టడానికి మూడు సెల్లుల లైటు పట్టుకుని పొలానికి పోయేవాడు. వెలుతురు తగ్గితే అమ్మ ఆ సెల్లులు తీసి మధ్యాహ్నమంతా ఎండలో పెట్టేది. ఆ వేడికి ఇంకో రెండు రాత్రులు గడిచేవి. పాము పుట్ర తిరిగే గట్ల మీద నుంచి నాయిన క్షేమంగా ఇల్లు చేరాడంటే ఆ సెల్లుల పుణ్యమే. తర్వాత ఫోన్ వచ్చింది. అదీ సెల్లే. అందులో నా గొంతు వినబడేది.

నేను చదువుకున్నవాణ్ని. లాటిన్‌లో సెల్లా అంటే చిన్న అర్ర అని, 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, అందులోని గదులకు ఆ పేరు పెట్టాడని నాకు తెలుసు. జైల్లో సెల్ ఆ అర్రే. ఒక్కో టవరు సిగ్నల్ అందే మేరనూ సెల్ అంటారు, ఫోనుకు ఆ పేరు అందుకే వచ్చింది. అపార్ట్‌మెంట్ల కింద బండ్లు పెట్టే సెల్లార్ కూడా ఆ కుదురుదే. ఇంత తెలిసీ అమ్మది తప్పని ఎట్లా అనుకున్నాను? నిజానికి నన్ను బాధపెట్టింది ఆమె మాట కాదు. పక్కింటివాళ్లు నన్ను ఫోన్లు బాగుచేసేవాడనుకుంటారన్న నామోషీ. ఆ పని చేసుకు బతికేవాళ్లను తక్కువగా చూసే బుద్ధి నాలో ఉంది. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఆ ఏడు జనవరి 3నే కొవిడ్ టీకా కొవాగ్జిన్‌కు అత్యవసర అనుమతి వచ్చింది. తయారుచేసిన భారత్ బయోటెక్ ఉన్నది మా తుర్కపల్లిలోనే. అయినా "దాన్ల కోతి సెల్లుంటదంట" అని ఊళ్లో మాట పాకింది. అమ్మకు భయం పట్టుకుంది. ఆ సంగతి ఆమె ఆశా వర్కర్‌ను అడిగింది. అదే పని చేసే కొడుకు ఇంట్లో ఉన్నా, నన్ను అడగలేదు.

అది తెలిసిన రాత్రి ఆమె మంచం పక్కన కూర్చున్నాను. 1962లో జపాన్‌లో ఒక ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి ఆ సెల్లులు తీశారని, వాటిని వీరో సెల్లులంటారని, ఇప్పటికీ వాటి సంతతినే పెంచుతున్నామని చెప్పాను. సీసా అడుగున గచ్చు పరిచినట్టు అతుక్కుని పెరుగుతాయని, మేం పోసే గులాబీరంగు నీళ్లు అవి తిన్నకొద్దీ పసుపెక్కుతాయని చెప్పాను. వైరస్‌కు బతికున్న సెల్ కావాలని, అందుకే దాన్ని వీటిలో పెంచి, చంపి, శుద్ధి చేసి టీకా తయారుచేస్తారని కూడా.

"పాలల్ల తోడేసినట్టు" అంది.

"అట్లనే అమ్మా."

కాసేపు ఊరుకుంది. "మరి ఆ కోతి?"

ఏళ్ల తరబడి రోజూ ఆ సెల్లులను చూస్తున్నాను. ఆ మాట నాకెన్నడూ తోచలేదు.

"లేదమ్మా" అన్నాను.