అపరిగ్రహము - గృహస్థుని విడుదల



పతంజలి మహర్షి యోగశాస్త్రమున చెప్పిన యమములు ఐదు: అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము. వీనిలో చివరిది సన్న్యాసులకు మాత్రమే విధింపబడినదని గృహస్థులు పలువురు తలచుచుందురు. కాని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున ధ్యానయోగి అపరిగ్రహుడై యుండవలెనని ఉపదేశించినది అర్జునునకు. అర్జునుడు భార్యాబిడ్డలు గల గృహస్థుడే గదా!

పరిగ్రహమనగా అవసరమునకు మించి చేర్చుకొనుట. మొదట వస్తువును మనము పట్టుకొందుము. కొంతకాలమునకు అదియే మనలను నలువైపుల నుండి పట్టుకొనును. దానిని తుడువవలెను, దాచవలెను, కాపాడవలెను, పోయినచో దుఃఖింపవలెను. యజమాని ఎవరు, సేవకుడెవరు?

భాగ్యనగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ వరకు గల కాలనీలను చూడుడు. నల్లగొండ నుండి, ఖమ్మము నుండి, కోస్తా జిల్లాల నుండి ఎన్నో కుటుంబములు ఒకటి రెండు పెట్టెలతో వచ్చి ఇచట స్థిరపడినవి. కష్టపడి ఇల్లు కట్టుకొన్నవి. ఇల్లు పెరిగినది; సామాను అంతకంటె వేగముగా పెరిగినది. అటక మీద పేర్లు చెక్కించిన స్టీలు గిన్నెలు, బీరువాలో ఏండ్ల తరబడి కట్టని చీరలు, మంచము క్రింద తెరవని పెట్టెలు, తగ్గింపు ధర యని కొన్న రెండవ కుక్కరు. సంధ్యవేళ చాప పరచుకొని పది నిమిషములు జపము చేయుదమన్న ఆ ఇంట చోటు లేదు! అదే వీథిలో పోటీపరీక్షలకు చదువు విద్యార్థి ఒక మంచము, ఒక పెట్టె, కొన్ని పుస్తకములతో హాస్టలు గదిలో కాలము గడుపుచున్నాడు.

వస్తువును విడువనీయని కారణములు మూడు. రేపు పనికివచ్చునేమో యను భయము మొదటిది. ఇంత ధనము పోసి కొంటినను అహంకారము రెండవది. ఇది అమ్మ వాడినది యను మమకారము మూడవది. మూడవదే మిక్కిలి కఠినము, దానిని పరిహసింపరాదు. అమ్మ చేతి చెంబు ఒకటి పూజకు ఉంచుకొనుడు. కాని ఆమె బిందెలన్నింటిని చీకటిలో పేర్చి యుంచుట ఆమె స్మరణ కాదు. పదిమందికి పెట్టుట ఆమె గుణము. ఆ బిందెతో మరొక ఇల్లాలు నీరు పట్టుకొన్ననాడే ఆమె స్మరణ నిలిచినట్లు.

కాళిదాస మహాకవి రఘువంశమున ఒక వింత వివాదమును వర్ణించెను. విశ్వజిద్యాగమున సర్వస్వము దానము చేసిన రఘుమహారాజు, తన వద్దకు వచ్చిన కౌత్సునకు మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చెను. గురుదక్షిణకై 14 కోట్లు కావలెనని వచ్చిన ఆ శిష్యుని కొరకు కుబేరుడు కోశమును బంగారముతో నింపెను. అంతయు గైకొమ్మని రాజు. దక్షిణకు మించి వలదని శిష్యుడు. నాకు నాకు అను వివాదములు లోకమున కొల్లలు. నాకు వలదు అను వివాదము అయోధ్యలోనే కననగును.

ఈ గుణము పురాణకాలముతో ముగియలేదు. మనము పొట్టిగా ఎల్.బి.నగర్ అని పిలుచు పేట పూర్తిపేరు లాల్ బహదూర్ నగర్. 1964 నుండి 1966 వరకు ప్రధానమంత్రిగా నుండిన లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరది. స్వాతంత్ర్యోద్యమకాలమున ఆయన చెరసాలలో నుండగా, ఇంటి ఖర్చునకు ఒక సేవాసంస్థ నెలకు 50 రూపాయలు పంపుచుండెడిదట. తాను 40తో సంసారము నడిపి 10 మిగుల్చుచున్నానని ఆయన ధర్మపత్ని తెలుపగా, ఇకపై 40 చాలును, మిగిలినవి అక్కరగల మరొక కుటుంబమునకిండని ఆయన సంస్థకు వ్రాసెనని ప్రసిద్ధి. మిగులు కంటబడిన క్షణముననే అది పరులదని గుర్తించుట అపరిగ్రహము.

2020 అక్టోబరు మధ్యలో కురిసిన కుండపోత వానలకు సరూర్‌నగర్ చెరువు పరిసర కాలనీలు నీట మునిగినవి. నీరు తీసిన పిదప ఇండ్ల ముందు తడిసిన పరుపులు, ఉబ్బిన చెక్కసామాను గుట్టలుగా పడినవి. దానిని దైవశిక్ష యనుట పాపము. ఎందరికో అది మిగులు కాదు, ఉన్నదంతయు అదియే. లేనివానికి త్యాగమును బోధించుట ధర్మము కాదు. ఆ రాత్రి పొడి దుప్పటి లేక వణకినవారు కొందరు. అటకలపై విప్పని దుప్పట్లు గలవారు కొందరు. ఈ ఉపదేశము రెండవవారికి.

ఆచరణ సులభము. ఏకాదశినాడు ఉదరమునకు ఉపవాసమున్నట్లే ఇంటికిని ఒక నియమము పెట్టుకొనుడు: ఆనాడు ఒక వస్తువు ఇల్లు దాటవలెను. సంవత్సరమునకు 24 ఏకాదశులు, 24 వస్తువులు. ఇంటివారిని అడిగియే ఇయ్యవలెను. పరుల వస్తువును విడుచుట త్యాగము కాదు. చినిగినది, విరిగినది ఇచ్చి దానమనరాదు. ఉతికి, బాగుచేసి, గౌరవముతో అందింపవలెను. భోగిమంటకు పనికిరాని కట్టె చాలును. పనికివచ్చునది మనిషికి చేరవలెను. ఖాళీయైన చోటును మరల నింపకుండుట అన్నింటికంటె ముఖ్యము.

అపరిగ్రహము స్థిరపడినవానికి తన జన్మల తత్త్వము తెలియునని పతంజలి చెప్పెను. చేరినవానిని ఒక్కొక్కటిగా తొలగించినగాని, వానినన్నింటిని చేర్చుకొన్న ‘నేను’ ఎవరో కనబడదు. మనము వచ్చునప్పుడు వట్టి చేతులే, పోవునప్పుడు వట్టి చేతులే. నడుమ కొంతకాలమైనను ఆ చేతులను ఖాళీగా ఉంచినచో, నమస్కరించుటకు అవి రెండును కలియును. అట్టి బుద్ధిని శ్రీనివాసుడు మనకెల్లరకు ప్రసాదించుగాక!