మనవాడైతే ఒక న్యాయమా?



ఆదివారం దివ్యబలిపూజలో ఒకరికొకరు సమాధానం తెలుపుకొనే ఘడియ వస్తుంది. గురువు పిలుపునందుకొని అందరూ చేతులు జోడిస్తారు. కాని కొన్ని విచారణల్లో ఆ ఘడియలో కొందరు పక్కకు తిరిగి నిలబడతారు. ఎందుకు? ఎదుటివాడు సర్పంచి పక్షం, తాను సర్పంచిమీద కలెక్టరుగారికి అర్జీ పెట్టిన పక్షం. సిమెంటు రోడ్డు బిల్లు దగ్గర మొదలైన తగాదా గుడి గడప దాటి లోపలికి వచ్చి కూర్చున్నది. ఇద్దరూ జ్ఞానస్నానం పొందినవారే. ఇద్దరూ ఒకే దివ్యసత్ప్రసాదం స్వీకరించేవారే.

"అది రాజకీయం, గుడికి దానితో పనేమిటి?" అని మీరు అడగవచ్చు. పని ఉన్నది. లోకహితం కోసం ప్రజాసేవ అనే బరువును భుజానికెత్తుకొన్నవారి శ్రమ మెచ్చుకోదగినదని 1965లో ద్వితీయ వాటికను మహాసభ బోధించింది. మెచ్చుకోదగిన పదవిలో ఉన్నవాడు దానిని దుర్వినియోగం చేస్తే, ఆ పాపం చిన్నది కాదు. రాజ్యాంగం 73వ సవరణ 1993లో అమలులోకి వచ్చాక గ్రామ పంచాయతీకి బలం పెరిగింది. మంచినీళ్ళు, వీధి దీపాలు, మురుగు కాలువలు దాని చేతిలో ఉన్నాయి. ఆ సొమ్ములో వంద రూపాయలు పక్కదారి పడితే ఎండేది పేదవాని వీధి కుళాయే.

సమూవేలు ప్రవక్త సంగతి జ్ఞాపకం చేసుకోండి. ఆయన ముసలివాడై తన కుమారులను న్యాయాధిపతులుగా నియమించాడు. వారు తండ్రి త్రోవలో నడవలేదు. లంచాలు పట్టారు, న్యాయాన్ని తారుమారు చేశారు. అప్పుడు యిస్రాయేలు పెద్దలు రచ్చబండ దగ్గర గుసగుసలాడి ఊరుకోలేదు. ఆ కుమారుల తండ్రి వద్దకే వెళ్ళి ముఖాముఖిగా చెప్పారు. తరువాత అదే సమూవేలు జనులందరి ముందు నిలబడి తన లెక్క తానే అడిగించుకొన్నాడు. ఎవని ఎద్దునైనా పట్టుకొన్నానా, ఎవని వద్దనైనా లంచం పుచ్చుకొన్నానా, చెప్పండి, తిరిగి ఇచ్చివేస్తానన్నాడు. పదవిలో ఉన్న క్రైస్తవుడు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే. లెక్క అడిగినవాడు శత్రువు కాడు.

ఈనాటి చట్టంలోనూ ఆ మార్గం ఉన్నది. ఊరిలోని ప్రతి ఓటరూ గ్రామసభలో సభ్యుడే. ఖర్చు ఎంత, పని ఎక్కడ అని అక్కడ లేచి అడగవచ్చు. ఉపాధి హామీ పనులకు 2006 నుండి సామాజిక తనిఖీ మొదలైనప్పుడు, మస్టరులో ఉన్న పేర్లను ఊరివారి ముందు చదివి, ఎవరు పనికి వచ్చారో ఎవరు రాలేదో కూలీల నోటనే చెప్పించారు. ఇక సర్పంచి అధికారాన్ని దుర్వినియోగం చేసినా, నిధులు స్వాహా చేసినా పదవి నుండి తొలగించే అధికారాన్ని 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 249వ సెక్షన్ కలెక్టరుకు ఇచ్చింది. అయితే ఆ సెక్షన్‌లోనే మరొక మాట ఉన్నది. తొలగించే ముందు అతని సంజాయిషీ వినాలి. ఆరోపణ వచ్చినంత మాత్రాన దోషి కాడు.

ఇక్కడ దానియేలు గ్రంథంలోని సూసన్న మనకు గుర్తు రావాలి. ఆమెపై నింద మోపినవారు దారిన పోయేవారు కారు. ప్రజల పెద్దలు, ఆ సంవత్సరం న్యాయాధిపతులుగా నియమితులైనవారు. పెద్దలు చెప్పారు గనుక నిజమేనని సభ అంతా నమ్మింది. రాళ్ళు రువ్వడమే తరువాయి. అప్పుడు దానియేలు అనే పడుచువాడు ఆ ఇద్దరినీ వేరుచేసి, ఏ చెట్టు క్రింద చూశారని విడివిడిగా అడిగాడు. ఒకడు ఒక చెట్టు పేరు చెప్పాడు, మరొకడు వేరే చెట్టు పేరు చెప్పాడు. ఒక్క ప్రశ్నతో నిరపరాధి ప్రాణం నిలిచింది.

మన ఊళ్ళలో ఆ ప్రశ్న అడిగేవారు ఎందరు? మహిళలకు కేటాయించిన స్థానంలో ఒక పేదరాలు సర్పంచి అవుతుంది. కుర్చీలో భర్త కూర్చుంటాడు, కాగితం మీద సంతకం ఆమెది. తేడా వచ్చిననాడు నోటీసు ఆమె పేరున వస్తుంది. మరొకచోట ఆమె నిజాయితీగా పనిచేస్తుంది. కాంట్రాక్టు దక్కనివారు కోపంతో ఆమెమీదే అర్జీ రాయిస్తారు. ఏది నిజమో అడగకుండా ఆ అర్జీ క్రింద వేలిముద్ర వేసేవాడు రాయి పట్టుకొన్నవానితో సమానుడు. ఒక్క సాక్షి మాట చాలదని, అబద్ధసాక్షి ఎదుటివానికి తలపెట్టిన శిక్షను తానే అనుభవించాలని ద్వితీయోపదేశకాండం శాసించింది.

అలాగని మనవాడు గదా అని తప్పును కప్పిపుచ్చడమూ అబద్ధసాక్ష్యమే. మన కులంవాడు, మన విచారణవాడు, మన పండుగకు పందిరి వేయించినవాడు అని నోరు మూసుకొంటే దేవుని ముందు మనకూ అందులో వాటా ఉంటుంది. తప్పు చేసిన సహోదరుని ముందు ఒంటరిగా మందలించమని, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్ళమని, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలుపమని ప్రభువు మత్తయి సువార్తలో బోధించాడు. ఒంటరిగా మందలించడమంటే గుట్టుగా రాజీపడడం కాదు. ప్రజల సొమ్మును ఇద్దరు కూర్చొని మాఫీ చేయలేరు, అది వారిది కాదు గనుక.

శిక్ష ఎందుకు? పగ తీర్చుకోవడానికి కాదు, మనిషిని తిరిగి రప్పించడానికి. జక్కయను చూడండి. అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగింతలు ఇస్తానని అందరి ముందు నిలబడి చెప్పాడు. ఆనాడే రక్షణ అతని ఇంటికి వచ్చింది. పాపసంకీర్తనంలో క్షమాపణ దొరుకుతుంది, నిజమే. కాని కాజేసిన సొమ్ము తిరిగి చెల్లించవలసిన బాధ్యత అలాగే ఉంటుంది. చెల్లించి తిరిగి వచ్చినవానిని జీవితాంతం దొంగ అని పిలవడం మాత్రం క్రైస్తవం కాదు.

ఇక మన సంగతి. ఎన్నికలనాడు నోటు పుచ్చుకొని ఓటు వేసినవాడు ఏ ముఖంతో లెక్క అడుగుతాడు? ఇచ్చినవాడు ఆ ఖర్చును ఎక్కడ రాబట్టుకొంటాడు? మన వీధి రోడ్డులోనే గదా. మన విచారణ పండుగ చందాల లెక్క గుడిలో చదివి వినిపిస్తున్నామా? యెరూషలేము పేదలకోసం పోగుచేసిన కానుకను పౌలు ఒంటరిగా పట్టుకొని వెళ్ళలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా ఇతర సహోదరులను తోడు చేసుకొన్నాడు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచితోపాటు ఉపసర్పంచి సంతకం కూడా కోరింది. పౌలు పాటించిన జాగ్రత్తా అటువంటిదే. రెండవ సంతకం అవమానం కాదు, రక్షణ.

కాబట్టి ఈ వారం ఒక పని చేద్దాం. మీ ఊరిలో అటువంటి తగాదా ఉంటే, ఎదుటి పక్షంలోని ఒక్కరింటికి వెళ్ళి, వారు చెప్పేది చివరిదాకా వినండి. గ్రామసభ జరిగేనాడు పొలం పని కాస్త ఆపి హాజరుకండి. మీరే వార్డు మెంబరో, సర్పంచో అయితే, అడగకముందే లెక్క చెప్పండి. అప్పుడు వచ్చే ఆదివారం సమాధానం తెలుపుకొనే ఘడియలో తల తిప్పుకోవలసిన అవసరం ఉండదు.

సూసన్న మొర ఆలకించిన దేవుడు మన గ్రామాలకు నిజం పలికే నోటిని, న్యాయం వినే చెవిని, తప్పు ఒప్పుకొనే హృదయాన్ని అనుగ్రహించుగాక. ఆమెన్.