వేరు కుంపటి

ఇంట్లో కొడుకు వేరు కాపురం పెడితే ‘కోడలు విడదీసింది’ అంటాం. బ్యాండులో పాటగాడు వేరుపడితే ‘పేరు తలకెక్కింది’ అంటాం. రెండు మాటలకూ పెద్ద తేడా లేదు సుమండీ.

‘ఊరెళ్ళిపోతా మామా’ పాట గుర్తుందిగా? ‘చౌరస్తా’ బ్యాండుది. 2020లో, కరోనా రోజుల్లో, చెయ్యీ చెయ్యీ కలపొద్దని పాట కట్టిందీ వాళ్ళే. ఆ గొంతు రామ్ మిరియాలది. తర్వాత ఆయన బ్యాండు విడిచి సొంతదారి పట్టారు. 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాటకి బాణీ కట్టి తనే పాడారు. మా సుబేదారిలో పెళ్ళి ఊరేగింపులన్నీ ఆ పాటకే కదిలాయి. రాసింది మన హనుమకొండ బిడ్డ కాసర్ల శ్యామ్. చూశారూ, ఒంటరి పాటకైనా మాట ఇంకొకరిదే!

నలుగురితో కలిసి పాడతానని ఒప్పుకుంటే, జన్మలో విడిగా పాడనని మాటిచ్చినట్టా? నాకలా తోచదు. గొంతు ఎవరిది వాళ్ళదే. కానీ ఆ గొంతుని జనం చెవిన పడేసిన డోలు, గిటారు మాటేమిటి? వెళ్ళడం తప్పు కాదు, వాళ్ళు లేనట్టే మాట్లాడటం తప్పు.

పంచగనిలో చదువుకున్న పార్సీ కుర్రాడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ‘క్వీన్’ బ్యాండులో ఉంటూనే 1985లో తొలి సొంత ఆల్బమ్ ‘మిస్టర్ బ్యాడ్ గై’ తెచ్చాడు. పాటలన్నీ తనే రాసుకున్నాడు. అదే ఏడు జూలైలో లండన్ లైవ్ ఎయిడ్ కచేరీలో మళ్ళీ ఆ ముగ్గురితోనే నిలబడి పాడాడు. కుంపటి వేరు, పండగ భోజనం ఒకచోటే!

మగవాళ్ళకి ఇదంతా తేలిక లెండి. మా భజన మండలిలో ముప్ఫయ్యేళ్ళుగా ముందు పాడే వదిన ఉంది. ఆవిడ ఒక్కతే పాడిన ఎనిమిది కీర్తనలు మనవడు ఫోనులో రికార్డు చేసి అందరికీ పంపాడు. ఆ శనివారం ఎవరూ ఆవిడని సరిగ్గా పలకరించలేదు.

“మా తాళం అడ్డమొచ్చిందా వదినా?” అంది తాళాలు వేసే అక్క.

“లేదే తల్లీ! ఇన్నేళ్ళలో నా గొంతు నాకు విడిగా వినపడనే లేదు. ఒక్కసారి విందామనిపించింది.”

కాసేపు ఎవరం మాట్లాడలేదు. అక్క తాళాలు ఒళ్ళో పెట్టుకుని, “ఆ మూడోది మళ్ళీ పెట్టు” అంది.