రెండవ పిల్ల

బాసర దగ్గర గోదావరి ఒడ్డు పల్లెలలో చలికాలమున గొఱ్ఱెలు ఈనునప్పుడు కాపరికి నిద్ర యుండదు. అయిదు నెలలు మోసిన గొఱ్ఱె అర్ధరాత్రి కవలలను ఈనెననుకొనుడి. మొదటి పిల్ల లేచి పొదుగు వెదకుకొనును. రెండవది తడిసి, వణకుచు నేలనే పడియుండును. తల్లి వాసన చూచి దానిని త్రోసివేయును.

లెక్క చూచినయెడల విడిచిపెట్టుటయే లాభము. 2017లో తెలంగాణ ప్రభుత్వము సబ్సిడీపై 20 గొఱ్ఱెలను, ఒక పొట్టేలును ఇచ్చినప్పుడు వెంటనే అమ్ముకొన్నవారును కలరు. వారిని నిందింపను, అప్పులు ఎవరికి లేవు?

అయినను కాపరి ఆ పిల్లను గడ్డితో తుడిచి, గొంగడిలో చుట్టి, తల్లిని కదలకుండ పట్టుకొని ముఱ్ఱుపాలు త్రాగించును. రోగము నెదిరించు బలము పిల్లకు గర్భములో రాదు, ఆ తొలిపాలలోనే వచ్చును. ఒక దినము దాటెనా, ఎంత త్రాగినను ఆ బలము ఒంటికి పట్టదు. దయ చూపుటకు రేపటివరకు గడువు లేదు.

చదువరులారా, “ఏడాది తిరుగకమునుపే మాంసమునకు అమ్మును గదా, అది ప్రేమ యెట్లగును?” అని ఒకరు నన్నడిగిరి. ఆ ప్రశ్న నన్ను చాల దినములు వేధించెను. యోహాను సువార్త పదియవ అధ్యాయములోని కాపరి మందకొరకు తన ప్రాణమునే పెట్టును. మన కాపరి అంతదూరము పోలేడు, నిజమే. కాని ధరకొరకే యైతే మొదటి పిల్ల చాలదా? తెల్లవారుజామున రెండవది లేచి నిలిచెనని చెప్పుచు నవ్విన ముసలి కాపరి నొకని నేనెరుగుదును. దాని వెల యెంతో అతడు చెప్పలేదు, నేనును అడుగలేదు.