గతించినవారి ముఖము

మన తెలుగిండ్లలో పెద్దలు గతించిన వెంటనే పటము కట్టించి, పూలమాల వేసి, గోడకు తగిలించుట వాడుక. మా తండ్రిగారి పటమునకు నమస్కరింపక నేటికిని మేము గడప దాటము. పటము లేని ఇంట మరపు చేరునని మా తలంపు. ఈ తలంపుతోనే మేమొక పొరపాటు చేసితిమి.

మట్మారిలో నలువది ఏండ్లు మా పొరుగున మెలగిన ఒక సాహెబుగారు మొన్నటి వేసవిలో కాలము చేసిరి. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును కలిపి మాట్లాడుకొన్న స్నేహము మాది. జనాజా లేచుటకు ముందు కఫను తొలగించి, వచ్చినవారికి కడసారి ముఖము చూపిరి. మేము ఆ ముఖమును ఫోనులో తీసి, తెలిసిన వారందరికిని వాట్సప్‌లో పంపితిమి. గౌరవమే మా ఉద్దేశము. మూడవనాడు జియారతు ముగిసిన పిదప వారి కుమారుడు వచ్చి, "చాచా, తప్పుగా అనుకోవద్దు. ఆ ఫోటో తీసేయండి. అబ్బాకు గునా అవుతుందేమోనని అమ్మీ ఒకటే ఏడుస్తున్నది" అనెను.

తీసివేసితిమి. అప్పటికే అది రాయచూరు దాటిపోయినది.

తరువాత తెలిసినవారి నడిగియు, కొంత చదివియు గ్రహించిన దిది. ప్రాణుల రూపములు చేయువారిని ప్రవక్త గట్టిగా మందలించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు సంపుటములలో కలదు. రూపకర్తను అరబ్బీలో ముసవ్విరు అందురు. ఖురాను 59వ సూరాలో అది దేవుని నామములలో ఒకటి. ఆయన పనికి మానవుడు చేయి చాపరాదని భావము. (వింత యేమనగా, మా రాయచూరు నిజాము ఏలుబడిలో నుండిన దినములలో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ తన ఆస్థాన ఛాయాచిత్రకారుడగు లాలా దీన్‌దయాళునకు ఇచ్చిన బిరుదు 'ముసవ్విర్ జంగ్'!) ఫోటో ఆ నిషేధము క్రిందికి వచ్చునా అనుటలో పండితులకు ఏకాభిప్రాయము లేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఈజిప్టు ముఫ్తీగా నుండిన మహమ్మద్ బఖీతు, ఉన్న నీడను పట్టి నిలుపుటయే గాని అది సృష్టి గాదనెను. దేవబందు పండితులు పెక్కుమంది అందుకు సమ్మతింపలేదు. హజ్జు యాత్రకు పాసుపోర్టు కావలయును గనుక అవసరమునకు తీయించుకొనుటను వారును కాదనరు.

మా చిక్కు అంతకంటె సున్నితమైనది. శవమునకు స్నానము చేయించువాడు తాను చూచిన లోపమును బయట పెట్టరాదని వారి ధర్మము. మృతుని ఎముక విరుచుట బ్రతికినవాని ఎముక విరుచుట వంటిదని హదీసు. సాహెబుగారు బ్రతికియుండగా టోపీ లేక వీధిలోనికి వచ్చెడివారు కారు. బుగ్గలు పడిపోయి, ముక్కున దూది కనబడుచున్న ఆయన ముఖమును ఎరుగనివారు సైతము చూచునట్లు మేము చేసితిమి. మరణించినది స్త్రీ యైనచో చెప్పనే అక్కరలేదు. బ్రదుకంతయు పాటించిన పరదా ఊపిరితో తీరిపోవునా?

ఇక ఆ ఇల్లాలి భయము. ఒకరి పాపభారము మరియొకరు మోయరని ఖురాను స్పష్టముగా చెప్పుచున్నది. తాను చేయని పని సాహెబుగారి లెక్కలో పడదు. మసీదు పెద్దలు ఈ మాట చెప్పిన పిదప ఆమె కొంత కుదుటపడినదట. మేము మాత్రము కుదుటపడలేదు. భారము ఆయనది కానిచో, ఫోను పట్టినది మేమే గదా!

గోడమీది పటమును చూడవలెనన్న మా గడప లోపలికి రావలయును. ఎవరు వచ్చిరో మాకు తెలియును. ఈ భేదము మాకు ముందు తోచలేదు.

మట్మారి రైల్వేస్టేషనులో మే మిరువురము నిలిచి తీయించుకొన్న పాత ఫోటో యొకటి మా పెట్టెలో నుండెను. అందులో ఆయన నవ్వుచున్నారు. ఈమారు ముందుగా కుమారుని అడిగితిమి. అతడు తల్లి నడిగి వచ్చి తీసికొనిపోయెను. ఆమె దానిని నిఖానామాతో కలిపి ట్రంకులో దాచుకొన్నదట. ఇంకొకటి ఉన్నచో మమ్ములనే ఉంచుకొమ్మని, ఎవ్వరికిని పంపవద్దని చెప్పించినది.